మాల తీసిన మర్నాడు



పొదిలిలో నిలబడి తాగుడు గురించి మాట్లాడాలంటే కురిచేడు ఊసెత్తక తప్పదు. దర్శి దాటి కాస్త పైకి వెళ్తే వచ్చే ఊరే. 2020 జులై ఆఖర్లో, కరోనా కట్టడితో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు, అక్కడ శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ వార్త చదివి నవ్వినవాళ్లున్నారు. చదువుకున్నవాళ్లే నవ్వారు.

చనిపోయినవాళ్లు సరదాకి తాగలేదండీ. ఏళ్ల తరబడి తాగేవాడి మెదడును మందు రోజూ మత్తులోకి లాగుతుంటుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుంది. ఒక్కసారిగా మందు ఆగితే పెరిగిన ఉద్రేకం మాత్రం అలాగే ఉంటుంది. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి తప్పి, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనిపిస్తుంది. ఆ దశలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. "గట్టిగా అనుకుంటే మానలేడా?" అని అడిగేవాళ్లకు ఇది తెలియదు.

1970 దాకా మనం నెల్లూరు జిల్లావాళ్లమే. ఆ నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు లేవనెత్తిన పోరాటం వల్ల 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. దుకాణం ఎలా మూయించాలో ఆ తల్లులు చూపించారు. మూసిన మర్నాడు వణికేవాణ్ని ఎక్కడ పడుకోబెట్టాలో మనం ఇంకా నేర్చుకోవాలి.

మన ఊళ్లలో తాగుడు మానడానికి అందరికీ తెలిసిన దారి అయ్యప్ప మాల. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టరు. దాన్ని తేలిగ్గా తీసెయ్యను. ఒక్కసారి ఆలోచించండి: తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, పక్కన గురుస్వామి. నిన్నటిదాకా 'తాగుబోతు' అన్న వీధే ఇవాళ 'స్వామీ' అని పిలిచి భిక్ష పెడుతుంది. వేళకో పని, తోడు, మర్యాద. డాక్టరుగా నేను వైద్యం చేసి ఇవ్వలేనివి ఇవే. కొండకెళ్లొచ్చి మాల తీయగానే మూడూ ఒక్కపూటలో పోతాయి. పాత స్నేహితులు పార్టీ అడుగుతారు. అప్పుడూ విడిచిపోని తోడు కావాలి. తాగుబోతుల సంఘమని మనం వెటకరించే ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో పుట్టింది. మానినవాడికి ఆ తోడును ఏళ్ల తరబడి ఇవ్వడమే దాని పని.

మాల వేసేముందు మాత్రం, రోజూ తాగేవాణ్ని డాక్టరుకు చూపించండి. వణుకు, ఫిట్స్ రాకుండా మొదటి వారం మందులుంటాయి, బి1 విటమిన్ ఉంటుంది. అతనికి చెప్పకుండా సాంబారులో తాగుడు మాన్పించే పొడి కలపొద్దు. కొన్ని పొడుల్లో డైసల్ఫిరామ్ ఉంటుంది. దాని మీద తాగితే బీపీ పడిపోయి గుండెకు ముప్పు రావచ్చు. మానినవాడు మళ్లీ తాగితే, షుగరు పెరిగిన మనిషిని తీసుకొచ్చినట్టే మళ్లీ తీసుకురండి. పరువు కోసం దాచొద్దు.

తాగుడు మానడం గురించి ఎవరిని అడగాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి. మనసు బాధలకు 14416 ఉంది. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. రోజూ ఎంత తాగుతాడో, ఎప్పుడు ఆపాడో 108లో వచ్చినవాళ్లకు దాచకుండా చెప్పండి.