ఒక్కరి కోసం ఏం చేసుకుంటాంలే అనుకునేవాళ్లకి

రూమ్‌లో ఒంటరిగా ఉంటూ, పొద్దున్నే ఒక టీ తాగేసి బస్సు కోసం పరిగెత్తే బ్యాచ్ ఉంటుంది కదా, ఈరోజు ఎపిసోడ్ వాళ్లకి. నేనూ ఆ బ్యాచే.

హైదరాబాద్ వచ్చిన కొత్తలో నేను పొద్దున పూట వండుకున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అది నా బద్ధకమే అనుకునేవాణ్ణి. కానీ అసలు తంటా కొలతతో. మొదటిసారి ఉప్మాకి పెద్ద గ్లాసుతో రవ్వ పోశా. ముగ్గురికి సరిపోయేంత అయింది. పొద్దున తిన్నా, రాత్రీ అదే తిన్నా, మిగిలింది పారేశా. రెండోసారి తెలివిగా రవ్వా నీళ్లూ రెండూ బాగా తగ్గించా. అదే మూకుడులో చేస్తే ముద్దకట్టి గట్టిగా అయిపోయింది. వెడల్పు మూకుడులో కాసిని నీళ్లు మరిగిస్తే, సగం ఆవిరికే పోతాయి మరి!

అందుకని ఒక్కరికైతే చిన్న గిన్నె పెట్టండి. చిన్న టీ గ్లాసుతో బొంబాయి రవ్వ ఒకటి, నీళ్లు మూడు. ఆదివారం అరకిలో రవ్వ ఒకేసారి వేయించి, చల్లారాక డబ్బాలో పోసి పెట్టుకుంటే, మిగతా రోజుల్లో పది నిమిషాల పని.

పెసరట్టు ఇంకా తేలిక. దోసె పిండిలా పులవాల్సిన పని లేదు. రాత్రి పడుకునే ముందు రెండు గుప్పిళ్ల పెసలు, ఒక చెంచా బియ్యం నానబెట్టండి. పొద్దున అల్లం ముక్క, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బి పెనం మీద పోసేయడమే. పెద్ద జార్‌లో మాత్రం వేయకండి. ఇంత కొంచెం పిండి జార్ గోడలకి అంటుకుంటుంది, కింద బ్లేడు ఉత్తగా తిరుగుతుంది. చట్నీ జార్‌లో వేయండి. రెండు మూడు అట్లు వస్తాయి, చాలు.

ఇక ఉగ్గాని. మాది అనంతపురం వైపు, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతా, ఏమనుకోకండి. బొరుగులు అందరికీ తెలుసు, కొన్నిచోట్ల మరమరాలు అంటారు. ఒక్కరికి మూడు నాలుగు దోసిళ్లు తీసుకోండి. నీళ్లలో ముంచి, మెత్తబడగానే గట్టిగా పిండి పక్కన పెట్టండి. అలాగే వదిలేసి ఫోన్ చూస్తూ కూర్చుంటే పేస్టు అయిపోతాయి, నాకు అయ్యాయి. ఆవాలు, జీలకర్ర, పచ్చిమిర్చి, కరివేపాకుతో తిరగమాత పెట్టి, ఉల్లిపాయ మగ్గాక పసుపు వేసి, బొరుగులు కలపాలి. పుట్నాల పప్పు పొడి చివర్లో వేయాలి, ఉగ్గానికి రుచి దానిదే. స్టవ్ ఆపాక నిమ్మకాయ పిండాలి. బొరుగుల్లో ముందే ఉప్పు ఉంటుంది కాబట్టి రుచి చూసి ఉప్పేయండి. ప్యాకెట్‌లో మిగిలిన బొరుగుల్లో సాయంత్రం ఉల్లిపాయ, టమాటా, కారం కలుపుకుంటే స్నాక్ కూడా అయిపోతుంది.

ఈ ఉగ్గాని కొలత కోసమే ఒకరోజు అమ్మకి ఫోన్ చేశా. రోజూ ఆమె "తిన్నావారా?" అనడం, నేను ఖాళీ కడుపుతో "ఆ, తిన్నా" అనడం మాకు మామూలే. ఆరోజు "ఒక్కరికి ఎన్ని బొరుగులు పోయాలమ్మా?" అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏమో నాయనా, ఒక్కరికి నేనెప్పుడు చేసినా" అంది.

"మరి పొద్దున నువ్వేం తింటున్నావ్?"

"కాఫీలోకి రెండు బిస్కెట్లు. ఒక్కదాని కోసం ఏం పొయ్యి ముట్టించేదిరా!"

నాన్న పోయి రెండేళ్లు. ఈ రెండేళ్లూ నేను అడిగినప్పుడల్లా ఆమె కూడా "తిన్నా" అనే చెప్పింది. నా అబద్ధం ఆమెకి తెలియదనుకున్నా గానీ, ఆమె కూడా అదే అబద్ధం చెబుతోందని నాకు తట్టనే లేదు.

ఆ కొలత ఇద్దరం కలిసే పట్టుకున్నాం. మూడు దోసిళ్లు ఆమెకి, నాలుగు నాకు. ఇప్పుడు పొద్దున ఏడున్నరకి వీడియో కాల్ పెట్టుకుని, ఇద్దరం ఎవరి వంటింట్లో వాళ్లం చేసుకుంటున్నాం. అన్ని రోజులూ కుదరదు, వారంలో నాలుగు రోజులన్నా అవుతుంది. మొన్న నేను ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీలు కూడా వేశా. ఫోన్‌లో చూసి, "పిండి పల్చగా కలిపినావు, ఊడిపోతాండాది చూడు" అంది. నిజంగానే ఊడిపోయింది.

"నా సంగతి సరే, నీ ప్లేటు చూపించు" అన్నా. చూపించింది. ఉగ్గాని, పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. అప్పటికే సగం తినేసింది.