నలుగురితో పాటు – కాని ఎందాక?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఉపన్యాసాలిచ్చే అలవాటు లేదు. మన కుర్రకారులో చాలామందికి ఉర్దూ అంతగా అందడం లేదు కనుక తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. భాషలో తప్పులుంటే మన్నించండి.

ముందుగా మా తరగతిలో జరిగిన ఒక సంగతి మనవి చేస్తాను. బోర్డు మీద లెక్క చేసి "సమఝ్ మే ఆయా?" అని అడగడం నా అలవాటు. పిల్లలంతా ఒక్క గొంతుతో "జీ హా సర్" అంటారు. ఒకనాడు అనుమానం వచ్చి, పేరు రాయకుండా చీటీ మీద జవాబు రాసి ఇమ్మన్నాను. సగం మందికి పైగా "అర్థం కాలేదు" అని రాశారు. సంగతేమిటంటే, ప్రతి పిల్లవాడూ పక్కవాడికి అర్థమైందనుకున్నాడు. తానొక్కడే మొద్దు అని సిగ్గుపడి "జీ హా" అన్నాడు. పక్కవాడు అన్నదీ అందుకే!

ఇది పిల్లల చేష్ట అని నవ్వుకుంటాం. గాని పెద్దవాళ్ళం మనం చేసేది వేరేనా? శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షలు పెట్టి చూశారు. టర్కీలో పుట్టి అమెరికాలో పనిచేసిన ముజఫ్ఫర్ షెరీఫ్ గారు 1935లో ఒక ప్రయోగం ప్రచురించారు. చీకటి గదిలో చిన్న వెలుగు చుక్క చూపిస్తారు. అది కదలదు, కాని చీకట్లో మన కంటికి కదిలినట్టు కనిపిస్తుంది. ఎన్ని అంగుళాలు కదిలిందని విడివిడిగా అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. కలిపి కూర్చోబెట్టి అడిగితే మెల్లమెల్లగా అందరి లెక్కా ఒకచోటికి చేరింది. తరవాత ఒంటరిగా అడిగినా ఆ నలుగురి లెక్కనే పట్టుకున్నారు. మనకు తెలియని విషయంలో నలుగురి కళ్ళతో చూస్తామన్నమాట.

మరి స్పష్టంగా తెలిసిన విషయంలో? దానికి జవాబు సాలమన్ ఆష్ అనే ఆయన 1950 తరవాతి సంవత్సరాల్లో చూపించారు. ఒక గీత చూపి, మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదో చెప్పమన్నారు. ఒంటరిగా అడిగితే నూటికి ఒక్కసారైనా తప్పు రాని సులువైన పని. కాని ఆ గదిలో ఒక్కడే అసలు విద్యార్థి. మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకుని, కావాలని ఒకే తప్పు జవాబు చెప్పారు. ఆ ఒత్తిడిలో ఈ ఒక్కడు నూటికి 37 వరకు తప్పు జవాబుకే తల ఊపాడు. 123 మందిని పరీక్షిస్తే, చివరిదాకా తన కంటినే నమ్మి నిలబడినవారు నాలుగోవంతు మాత్రమే.

ఇందులో నేను గట్టిగా గుర్తుపెట్టుకున్నవి రెండు సంగతులు. మొదటిది: మనిషిని వంచడానికి ఊరంతా అక్కర్లేదు. మూడు గొంతులు ఒక్కటైతే చాలు, ఆపైన ఎంతమంది చేరినా బలం పెద్దగా పెరగలేదు. రెండోది: గదిలో ఇంకొక్కడు నిజం చెబితే, అతనికి తోడుగా ఒక్క గొంతు వినబడితే, తల ఊపడం నాలుగో వంతుకు పడిపోయింది.

ఇప్పుడు మన మొహల్లాకు వస్తాను. మన పెళ్ళిళ్ళలో జోడే కీ రఖమ్ ఎక్కడినుంచి వచ్చింది? షరీఅత్‌లో మహర్ ఉంది, అది ఇవ్వవలసినవాడు వరుడు. వలీమా పెట్టవలసినవాడూ వరుడే. పిల్ల తండ్రి మీద ఏ బాకీ లేదు. 1961 వరకట్న నిషేధ చట్టం కూడా మహర్‌ను కట్నంలో చేర్చకుండా వదిలి, కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమన్నది. దీన్ ఒప్పదు, చట్టం ఒప్పదు. మనలో ఎవరినైనా ఏకాంతంగా అడగండి, "తప్పే భాయ్, కాని నలుగురూ చేస్తున్నారు గదా" అంటారు. మా పిల్లల "జీ హా" ఇదే కాదా?

ఇతరుల తప్పు ఎంచడానికి రాలేదు. నా సంగతే చెబుతాను. నా సంబంధం మాటల రోజు ఒక పెద్దాయన, మా వైపు బంధువు ఒకావిడ, సంబంధం తెచ్చినావిడ ముగ్గురూ కలిసి అరవై వేలన్నారు. ఆ మూడు గొంతులే! నేను పక్కగదిలో కూర్చుని అంతా విన్నాను. తప్పని తెలుసు. చదువుకున్నవాణ్ణి, పిల్లలకు నీతి చెప్పేవాణ్ణి. అయినా "పెద్దల ముందు నోరెత్తితే ఏమనుకుంటారో" అని ఊరుకున్నాను. మా మామగారు ఇంటి వెనక జాగా అమ్మి ఆ డబ్బు కట్టారు. ఏళ్ళ తరవాత ఆ మాట ఎత్తి బాధపడితే మా ఇంట్లో ఆవిడ ఒక్కటే అంది: "ఆ రోజు మీరొక్క మాట అని ఉంటే మా అబ్బాజాన్‌కు ధైర్యం వచ్చేది. ఆయన ఒక్కరే కాదనలేకపోయారు." దీనికి నా దగ్గర జవాబు లేదు.

అందరితో కలిసి నడవడమే తప్పని నేననను. జనాజా లేస్తే పిలవకుండానే మొహల్లా అంతా భుజం పడుతుంది. అది మంచి అలవాటు, చల్లగా ఉండాలి. కాని "మా తాతల నుంచీ ఇంతే" అనే సమాధానాన్ని ఖుర్ఆన్ ఎన్నోచోట్ల నిలదీసింది. జమాత్ నమాజునే చూడండి. ఇమామ్ వెనుక అందరం ఒకే వరుస, ఒకే రుకూ, ఒకే సజ్దా. అంతకంటే కట్టుబాటు ఎక్కడుంది? అక్కడ కూడా ఇమామ్ పొరబడితే వెనుక వరుసలోని మామూలు మనిషి "సుబ్హానల్లాహ్" అని గుర్తు చేయవచ్చు. అతడు వరుస విడిచి పోడు, గొడవ పెట్టడు, కాని ఊరుకోడు. మన బిరాదరీకి కావలసింది ఆ గొంతు.

సంఘానికి నా విన్నపం రెండే ముక్కలు. ఒకటి, వచ్చే సభలో పేరు లేని చీటీలు పంచండి. "మన పెళ్ళిళ్ళలో ఈ రఖమ్ ఉండాలని మీకు మనసులో ఉందా?" అని అడగండి. లెక్కపెట్టి ఇక్కడే అందరికీ చదివి వినిపించండి. ఎవరి మనసులో ఏముందో అప్పుడు బయటపడుతుంది. రెండు, తీసుకోమని ఒప్పుకున్న కుటుంబాల పేర్లతో ఒక రిజిస్టరు పెట్టండి. సంబంధం మాటలప్పుడు పిల్ల తండ్రి పక్కన సంఘం తరఫున ఒక పెద్దమనిషి కూర్చోవాలి. ఆయన ఉపన్యాసం చెప్పనక్కర్లేదు. ఆయన ఒక్క మాట తోడుగా అంటే చాలు.

మావాడు ఇంటర్ చదువుతున్నాడు. వాణ్ణి అడిగే చెబుతున్నాను, రిజిస్టరులో మొదటి పేరు వాడిదే రాయండి. నేను పక్కగదిలో కూర్చుని అనలేకపోయిన మాటను ఇన్నాళ్ళకు మీ అందరి ముందు అంటున్నాను. రెండో పేరు ఎవరిదో మీరే చెప్పాలి.