మౌనం మాంద్యం కాదు

(రాయపూర్‌లో నవోదయ ఉపాధ్యాయులనూ, సిబ్బందినీ ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతిభగల గ్రామీణ బాలబాలికల కోసం 1985-86లో నవోదయ విద్యాలయాలు ఆరంభమైనాయి. ఆరవ తరగతిలో కనీసం 75 శాతం స్థానాలు పల్లె పిల్లలవి. తొమ్మిదవ తరగతిలో 30 శాతం విద్యార్థులు హిందీ, హిందీయేతర ప్రాంతాల మధ్య ఒక ఏడాదిపాటు మారాలన్నది వీటి విశిష్ట నియమం.

రాయపూర్ జిల్లా విద్యాలయం మానాలో ఉన్నది. 1960 దశకంలో తూర్పు పాకిస్తాన్ నుండి వచ్చిన బెంగాలీ శరణార్థులకు ఆశ్రయమిచ్చిన నేల అది. పరభాష నడుమ బ్రతకడంలోని బాధ ఆ నేలకు క్రొత్త కాదు.

హిందీ నుండి తెలుగులోకి అనువదించడం నా వృత్తి. మాట దొరకక కలం ఆగినప్పుడు నా బుద్ధి మందగించినట్లు కాదు. క్రొత్తగా వచ్చిన బాలుని స్థితీ అంతే. స్వస్థలంలో లెక్కలలో ప్రథముడైనవాడు ఇక్కడ ప్రశ్న అర్థంకాక తల వంచుకొంటాడు. ఆ మౌనాన్ని మాంద్యమని భ్రమిస్తే, పరీక్ష పెట్టి ఏరి తెచ్చిన ప్రతిభను మనమే పోగొట్టుకొన్నవారమవుతాము.

ఆ బాలుని దిగులును ముందుగా పసిగట్టేది అన్నం వడ్డించే వంటమనిషి, జ్వరం వస్తే నుదుట చేయి వేసే నర్సు. వారి మాటను ఉపాధ్యాయుడు చెవిని పెట్టాలి. నల్లబల్లపై లెక్క వ్రాసి అతని చేతికి సుద్దముక్క ఇవ్వండి. అంకెలకు అనువాదం అక్కరలేదు. పిమ్మట అతని భాషలో పది మాటలు మీరూ నేర్చుకొనండి. సమైక్యతకు అదే ఓనమాలు.