కన్ఫర్మేషన్ తరువాత ఏమిటి?

(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నూరేళ్ళ పండుగ జరుపుకొనేటప్పుడు మనం కట్టిన గుడులను, నడిపిన బడులను, ఆసుపత్రులను లెక్కపెట్టుకోవడం సహజమే. అది కృతజ్ఞత గల పని. అయితే ఈ సాయంకాలం నేను వేరొక లెక్క మీ ముందు పెట్టదలచాను. మన పిల్లవాడు సండే స్కూలుకు వెళ్తాడు. పదిహేనో పదహారో ఏట కన్ఫర్మేషన్ తరగతికి వెళ్తాడు. బిషప్ గారు తలపై చేయి ఉంచి ప్రార్థిస్తారు. ప్రభు భోజన సంస్కారంలో పాలు పొందుతాడు. ఆ తరువాత అతడు ఇంకా యాభై అరవై ఏళ్ళు బ్రతుకుతాడు. ఆ యాభై అరవై ఏళ్ళలో సంఘం అతనికి ఏమి నేర్పుతుంది? ఆదివారం ప్రసంగం తప్ప మరేమీ లేదని చాలా చోట్ల ఒప్పుకోవలసి ఉంటుంది. ప్రసంగంలో ఒకరు మాట్లాడతారు, తక్కినవారు వింటారు. సందేహం అడిగే వీలు అందులో లేదు.

పదహారేళ్ళ వయసులో కుట్టించిన చొక్కా నలభై ఏళ్ళవానికి పట్టదు. అలాగే ఆ వయసులో నేర్చిన జవాబులు, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, అప్పులపాలైన రైతుకు, ఉద్యోగంలో లంచం ఎదురైన గుమాస్తాకు చాలవు. వారికి వేరే ప్రశ్నలు పుడతాయి. ఆ ప్రశ్నలు అడగడానికి సంఘంలో చోటు దొరకకపోతే వారు వేరే చోట అడుగుతారు. మందులు మానెయ్యి, కానుక వెయ్యి, వ్యాధి పోతుంది అని చెప్పేవారు నేడు ప్రతి ఊరిలోనూ, ప్రతి ఇంటిలోని టెలివిజన్‌లోనూ, ప్రతి చేతిలోని ఫోనులోనూ ఉన్నారు. ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

పెద్దలకు నేర్పడం మన సంఘానికి కొత్త కాదు. అపొస్తలుల కార్యముల 18వ అధ్యాయంలో అపొల్లో అనే విద్వాంసుడు కనిపిస్తాడు. లేఖనములలో ప్రవీణుడు, వాగ్ధాటి గలవాడు. అయినా అతనికి తెలియనిది కొంత ఉన్నది. ఆ కొంత నేర్పినవారు అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తలు. డేరాలు కుట్టుకొని బ్రతికేవారు. అతన్ని నలుగురిలో ఆక్షేపించక, చేర్చుకొని విశదపరచారు. వయోజన విద్యకు ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

మన తెలుగు దేశంలో చూడండి. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఆయన కాలంలో పల్లెలకు పల్లెలు సంఘంలో చేరాయి. చేరినవారిలో అత్యధికులు అక్షరం రాని కూలి జనం, పెద్దవారు. వారికి కథ చెప్పి, పాట నేర్పి, పది ఆజ్ఞలను, ప్రభువు ప్రార్థనను, విశ్వాస ప్రమాణాన్ని నోటికి పట్టించారు. పల్లె ఉపాధ్యాయునితోపాటు అతని భార్యకు కూడా శిక్షణ ఇచ్చారు. ఎందుకంటే పల్లెలో స్త్రీలకు నేర్పవలసినది ఆమెయే. చదువు రాదు కాబట్టి వీరికి వేదాంతం అక్కరలేదని వారు అనుకోలేదు.

కొందరు అంటారు, పెద్దలకు బుర్రకు ఎక్కదండీ, పిల్లలైతే నేర్చుకుంటారు అని. నేను దీనికి ఒప్పుకోను. ఒక ఉదాహరణ చెబుతాను. మత్తయి సువార్తలో తలాంతుల ఉపమానం ఉన్నది. నేడు మనం తలాంతు అంటే పాట పాడే నేర్పు, బొమ్మ వేసే నేర్పు అనుకుంటున్నాము; తలాంతుల పోటీలు పెడుతున్నాము. కాని తలాంతు ఒక తూనిక. ఒక వెండి తలాంతు సుమారు 6,000 దేనారములు. దేనారము ఒక రోజు కూలి అని అదే సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలివారి కథ చెబుతుంది. ఏడాదికి 300 రోజులు పని దొరికిందనుకున్నా, ఒక తలాంతు ఇరవై ఏళ్ళ కూలి! అంటే ఒక్క తలాంతు పొందినవానికి యజమాని ఇచ్చినది చిన్న సొమ్ము కాదు.

ఇప్పుడు 18వ అధ్యాయానికి రండి. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. అంటే ఆరు కోట్ల రోజుల కూలి, రెండు లక్షల ఏళ్ళ సంపాదన. అది క్షమించబడింది. వాడే బయటికి వచ్చి, నూరు దేనారముల కొరకు, అనగా మూడు నాలుగు నెలల కూలి కొరకు, తోటివాని గొంతు పట్టుకున్నాడు. ఈ లెక్క పిల్లలకు చెబితే నవ్వుతారు. వడ్డీ వ్యాపారి గడపలో నిలబడిన మనిషికి చెబితే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నూరు దేనారములు కూడా తక్కువ సొమ్ము కాదనీ, అయినా క్షమించమన్నారనీ అతనికి తెలుస్తుంది. పెద్దలు తరగతికి ఖాళీ చేతులతో రారు, తమ జీవితాన్ని తెచ్చుకుంటారు. వాక్యం ఆ జీవితాన్ని తాకుతుంది.

వాక్యంతోపాటు కళలను కూడా చెప్పుకోవాలి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనకు పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. ఆ రెండు పదాలను చదవకుండా దాటిపోయేవారమే ఎక్కువ. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) ఈ దేశపు రాగాలలో ఈ దేశపు భక్తిని ఎందుకు నింపారో తెలిస్తే పాట బరువు తెలుస్తుంది. గుఱ్ఱం జాషువా గారి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ పద్యకావ్యం మన సంఘాల గ్రంథాలయాలలో ఎన్ని చోట్ల ఉన్నది?

మెదక్ చర్చిని చూడనివారు ఇక్కడ తక్కువ. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. కరువు రోజుల్లో పోస్నెట్ దొరగారు జనానికి పని కల్పించి, తిండి పెట్టి కట్టించిన గుడి అది. అందులోని రంగుటద్దాల కిటికీలలో ప్రభువు జననం, సిలువ మరణం, ఆరోహణం ఉన్నాయి. చదవలేనివానికి అవి మూడు పాఠాలు. వెలుపల నిలబడితే నల్లని గాజు మాత్రమే. లోపలికి వచ్చి, పగటి వెలుగులో చూస్తేనే రంగులు పలుకుతాయి. 1939లో ప్రతిష్ఠించబడిన దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్‌లో దేవాలయ మండపాల స్తంభాలు, మహమ్మదీయ కట్టడాల గుమ్మటాలు ఒక్క ఆరాధనలో కలిశాయి. ఈ గుడులకు వెళ్ళి ఫోటో దిగి వచ్చేవారికి ఆ అర్థం విప్పిచెప్పేవారు కావాలి.

చదువు పెద్దలను ఊరుకోనివ్వదు. నెల్లూరు జిల్లాలో 1990 తరువాత నడచిన అక్షరాస్యతా తరగతులలో స్త్రీలు సారా గురించిన పాఠం చదివారు. దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని ఎదిరించారు. ఆ ఉద్యమం పెరిగి 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధానికి దారితీసింది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం మన పెద్దలు కూర్చుండి నిదానంగా చదివితే ఏమవుతుంది? కలిగినవారు ముందు తిని, లేనివారు ఆకలితో మిగిలిన ఆ బల్లను పౌలు ఎంత కఠినంగా ఖండించాడో తెలుస్తుంది. అప్పుడు కులాన్నిబట్టి కూర్చునే చోటు, కట్నాన్నిబట్టి కుదిరే పెండ్లి మన సంఘంలో ఎలా నిలుస్తాయని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడే కొందరు పెద్దలు ఈ విద్యను కోరకపోవచ్చు. భయపడవలసిన పని లేదు. ఆ ప్రశ్న అపొస్తలుడు అడిగినదే.

ఇక చేయవలసినది. నా మనవి చిన్నది. ప్రతి పాస్టరేట్‌లో పన్నెండు మందికి మించని కూటములు ఏర్పరచుకుందాం. వారానికి ఒక గంట. పట్నంలో ఆరాధన తరువాత, పల్లెలో రాత్రి భోజనాలైన తరువాత. మొదట మార్కు సువార్త; పదహారు అధ్యాయాలు, నాలుగు నెలల పని. చదువు వచ్చినవారు పైకి చదవాలి, రానివారు విన్నది తిరిగి చెప్పాలి. ఒక కీర్తనను అర్థంతో, రాగంతో నేర్చుకోవాలి. అడిగిన ప్రశ్నలన్నీ ఒక నోటుపుస్తకంలో వ్రాయాలి. జవాబు దొరకని ప్రశ్నను గురువుగారి వద్దకు తీసుకుపోవాలి. ఉపన్యాసం ఉండకూడదు, పరీక్ష ఉండకూడదు. ఖర్చు ఒక దీపం, ఒక చాప, ఒక పుస్తకం. ఈ కూటములకు అకులలు, ప్రిస్కిల్లలు కావాలి. రిటైరైన ఉపాధ్యాయులు, నర్సులు, కీర్తనలు కంఠస్థం వచ్చిన అవ్వలు మన మధ్య ఉన్నారు. వారిని అడిగితే కాదనరు.

ఇంకొక్క మాట. ఆ అవ్వలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వారితోపాటు ఎన్నో పాటల బాణీలు పోతున్నాయి. నూరేళ్ళ స్మారకంగా రాయి నిలబెట్టడం మంచిదే. ఆ పాటలు నేర్చుకున్నవారిని, వాక్యం గ్రహించి తోటివారికి చెప్పగలవారిని నిలబెట్టడం అంతకంటే మంచిది. రెండవ శతాబ్దపు మొదటి ఏడాదిలోనే ఈ పని ఆరంభించవలెనని డయోసీస్ కౌన్సిల్ వారిని వినయంగా కోరుతున్నాను.