బోరు వేసే ముందు లెక్క వేశారు

మన సీమలో బోరు ఎండితే ఇంకో బోరు, ఇంకో అప్పు. దీనికి బ్రేక్ వేసిన ప్రాజెక్టు ఒకటుంది: ఏపీఎఫ్ఏఎంజీఎస్. ఎఫ్ఏఓ సాయంతో కర్నూలు, కడపతో కలిపి 7 కరువు జిల్లాల్లో, 600కు పైగా ఊళ్లలో నడిచింది.

రైతులే వాన కొలిచారు. 15 రోజులకోసారి బోర్లలో నీటిమట్టం చూసి పుస్తకంలో రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో నీళ్లెన్ని, వేసే పంటలకు కావాల్సిందెంత అని లెక్కేశారు. వరి వద్దని ఎవరూ ఆర్డర్ వేయలేదు. లెక్క చూసి చాలామంది వాళ్లంతట వాళ్లే తక్కువ నీటి పంటలకు మారారు. మళ్లీ ఏడాది మళ్లీ లెక్క.

మేం లాగ్ చూసి బగ్ పట్టుకున్నట్టే కదా! కానీ ప్రాజెక్టుకు ముగింపు ఉంటుంది, కరువుకు ఉండదు. రాయడం ఆపితే నేర్చుకున్నదీ పోతుంది. మీ ఊరి బోర్లలో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి? ఇవాళే అడిగి, రాసిపెట్టండి.