విశ్వకళాపరిషత్తులో మన భాగము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా మన యూర దీపము నిలిపిన యీ గ్రంథాలయపు పండుగనాడు నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమనిరి. నేను కళాశాల మెట్లెక్కినవాడను కాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, తీరిక దొరికినపుడు భారతమును, మనుచరిత్రమును నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చదివికొన్నవాడను. ఇట్టివాడు విశ్వవిద్యాలయమును గూర్చి మాటలాడుట యేమని మీకు తోచవచ్చును. కాని లెక్కలు వ్రాయువానికి ఒక అలవాటుండును. ఏ ఆస్తిని జూచినను, అది యెవరిది, ఎవరి సొమ్ముతో నైనది అని విచారించును. విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తును గూర్చి నేను చెప్పబోవునది ఆ విచారణయే.

పరిషత్తు 1926లో శాసనముచే నేర్పడెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి ఉపాధ్యక్షులు. కార్యస్థానము తొలుత బెజవాడ. అది యెక్కడ నుండవలెనను విషయమున మనవారు పెద్ద తగవే పెట్టుకొనిరి. అనంతపురము కావలెనని రాయలసీమవారు కోరిరి. తుదకు 1930లో వాల్తేరు చేరినది. సీమవారికి ఆ నొప్పి చిరకాలము నిలిచెను. 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో విశ్వవిద్యాలయపు ప్రస్తావన చేరుట అందువలననే. 1954లో తిరుపతిలో వేరొక విశ్వవిద్యాలయము వెలసెను.

ఇక విశాఖ మాట. 1901 జనాభా లెక్కలలో ఆ పట్టణమున నున్నవారు 40 వేల పైచిలుకు మాత్రమే. రేవు తెరచినది 1933 డిసెంబరులో. అనగా పరిషత్తు వాల్తేరు మిట్టలమీద నిలిచిన మూడేండ్లకు. 1942 ఏప్రిల్ 6న జపానువారి విమానములు బాంబులు వేయగా, పరిషత్తు గుంటూరుకు తరలవలసివచ్చెను. యుద్ధము ముగిసిన పిదపనే తిరిగి వచ్చినది. 1948లో 'జల ఉష' యను ఓడ నీట దిగెను. 1957లో చమురు శుద్ధి కర్మాగారము వచ్చెను. 1966లో ఉక్కు కర్మాగారమునకై విద్యార్థులు వీథులకెక్కిరి, నవంబరు 1న కాల్పులలో ప్రాణములు పోయినవి. 1971లో శంకుస్థాపన జరిగినది. దానికై పెక్కు గ్రామముల భూములు పోయినవని మనము మరువరాదు. 2011 నాటికి నగర జనసంఖ్య 17 లక్షలు దాటినది. ఊరి వెలుపల కట్టిన పరిషత్తు ఊరి నడుమ పడినది.

ఈ నగరము నా దృష్టిలో రేవు వలన ధనము గడించినది, పరిషత్తు వలన పేరు గడించినది. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణగారు ఉపాధ్యక్షులుగా నుండి దూరదేశముల పండితులను రప్పించిరి. 1933లో రవీంద్రుడు వచ్చి ఉపన్యసించెను. సముద్రశాస్త్ర పరిశోధన యెంతదూరము పోయినదనగా, విశాఖ తీరమునకు ఎదుట కడలి యడుగున నున్న లోయలలో ఒకదానికి 'ఆంధ్ర' యనియు, మరియొకదానికి ఉపాధ్యక్షులైన వి.ఎస్. కృష్ణగారి పేరును పెట్టిరి. భూమిమీద సరిహద్దు రాళ్లు పాతించువాడనగుటచే, నీటి యడుగున మనవారి పేరు నిలిచినదని విని నేను మిక్కిలి సంతోషించితిని.

సొమ్ము సంగతికి వత్తము. జయపురపు మహారాజు విక్రమదేవవర్మగారు పరిషత్తునకు ఏటేటా లక్ష రూపాయలు దానము చేసిరి. వైజ్ఞానిక కళాశాలకు వారి పేరుంచిరి, అది న్యాయమే. కాని ఆ లక్ష యెక్కడినుండి వచ్చెను? జయపురము కొండసీమ. నేడు ఒడిశాలో నున్నను, 1936 వరకు అది విశాఖ జిల్లాలోనిదే. ఆ కొండలలో దున్నుకొన్నవారు చెల్లించిన శిస్తే రాజుగారి బొక్కసము. అక్షరము రాని రైతు చెమట రసాయనశాలలో గాజుబుడ్డియైనది. ఏ శిలాఫలకముమీదను ఆ రైతు పేరుండదు. శిస్తు లెక్కలలో మాత్ర ముండును.

పరిషత్తు సైతము గోడల వెలుపలివారిని మరువలేదు. పట్టముతో పనిలేకయే విద్వత్తును గౌరవించుటకు 'కళాప్రపూర్ణ' బిరుద మిచ్చుచు వచ్చినది. 1938లో గిడుగు రామమూర్తిగారికి ఇచ్చినది. ఆయన వ్యావహారికమునకై జీవితమంతయు పోరినవారు. ఈ గ్రాంథికములో నేను వారిని కొనియాడుట విన్నచో నవ్వియుందురు. 1970లో గుఱ్ఱము జాషువగారికి ఇచ్చినది. అస్పృశ్యతను, పేదరికమును ఎదిరించి పద్యమును గెలిచిన కవి ఆయన. ఇంకొక సంగతి మన సభకు దగ్గరిది: 1935లోనే పరిషత్తు గ్రంథాలయ శాస్త్రమును బోధింప నారంభించెను. మన దేశమున అప్పటికి దానిని బోధించు విద్యాపీఠములు వ్రేళ్లమీద లెక్కింపదగినవే.

ఇంత చెప్పి అసలు మాట చెప్పకున్న లాభము లేదు. పోయినయేడు మన యూరి పిల్లవాడొకడు పై చదువునకు విశాఖలో సీటు సంపాదించెను. వాడు మన గ్రంథాలయపు బల్లమీదనే చదివినవాడు. తల్లి కూలికి పోవును. వాడు రెండు నెలలుండి తిరిగి వచ్చెను. చదువునకు కట్టవలసినది స్వల్పము. గది అద్దె, పూటకూలి కలిపి దానికి ఎన్నో రెట్లు. నగరము పెరుగుట యనగా నిదియే గాబోలు! శిస్తు కట్టినవాని మనుమడు ఆ మిట్ట యెక్కవలెనన్న, మొదట ఇంటి యజమానికి బయానా కట్టవలెను. రాజుగారి దానము నేడు లేదు, ఇకమీద రాదు. పరిషత్తు ఇంటింటికి వచ్చి యద్దె కట్టదు. అది మన పని.

కావున కార్యవర్గమువారికి నా మనవి యిది. చందాదారులు 340 మంది యున్నారు. నెలకు తలకొక పది రూపాయలు వేసికొన్నచో నెలకు 3,400, ఏడాదికి 40,800 అగును. ఈ సొమ్ము ఒక్క విద్యార్థి గది యద్దెకు పనికివచ్చును. పుస్తకముల నిధిని ముట్టనక్కరలేదు, దీనికి వేరే పద్దు తెరువవచ్చును. ఆ పిల్లవాడు మరల దరఖాస్తు పెట్టుటకు సిద్ధముగా నున్నాడు, నేడీ సభలోనే కూర్చున్నాడు. రేపు ఆదివారపు సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడు. ఒప్పుకొన్నచో ఆ పద్దు వ్రాయు పని నాకప్పగింపుడు. ప్రతినెల మొదటి తేదీన లెక్క ఈ గోడమీద అంటించెదను.