గుండె ధమనిలో చీలిక: సకాల చికిత్స ఆవశ్యకత

(నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగిపోవుటను నల్లగొండ జిల్లా వాసులు తరములుగా కన్నులార చూచియున్నారు. కంటికి కనబడు వ్యాధిని ఎవరును కాదనలేరు. నేడు నేను మనవి చేయబోవునది కంటికి కనబడని వ్యాధిని గూర్చి. అందువలననే రోగి మాటను నమ్మువారు తక్కువ.

గుండెపోటు ముసలివారికి, చక్కెర వ్యాధి గలవారికి, పొగత్రాగు పురుషులకు మాత్రమే వచ్చునని మన తలంపు. కాలువలో పూడిక చేరినట్లు ధమనిలో కొవ్వు పేరుకొని రక్తప్రవాహమునకు అడ్డు తగులుట దానికి సాధారణ కారణము. అయితే కొవ్వు పేరుకొనకయే వచ్చు గుండెపోటు మరియొకటి కలదు. గుండెకు రక్తము నందించు ధమని గోడలో మూడు పొరలుండును. ఒక్కొక్కప్పుడు ఏ దెబ్బయు తగులకయే ఆ పొరలు విడిపోయి, వాని నడుమ రక్తము చేరును. గోడ గిలాబు వెనుకకు నీరు చేరినచో గిలాబు ఉబ్బును గదా! అట్లే ధమని లోపలి పొర ఉబ్బి, రక్తము పోవు దారిని ఇరుకు చేయును.

ఈ వ్యాధిని 1931లో 42 ఏండ్ల స్త్రీ శవపరీక్షను వివరించుచు ఒక బ్రిటిషు వైద్యుడు తొలిసారి లోకమునకు తెలిపెను. చిరకాలము ఇది మిక్కిలి అరుదని వైద్యులు తలంచిరి. యాంజియోగ్రాం పరీక్ష వ్యాపించిన పిదప, పెక్కు సందర్భములలో దీనిని గుర్తింపకుండిరని తేలినది. ఈ వ్యాధి సోకినవారిలో నూటికి సుమారు 90 మంది స్త్రీలు; పెక్కుమంది నడివయస్సువారు. గర్భిణులకును, విశేషించి కాన్పయిన మొదటి నెలలోని బాలింతలకును వచ్చు గుండెపోటుకు ఇది ముఖ్య కారణము. తీవ్రమైన మనోవేదన, మితిమీరిన బరువు లెత్తుట కొందరిలో దీనికి దారితీయును.

ఒక ఇల్లాలు రొమ్ము బరువుగా నున్నదని, చేయి లాగుచున్నదని, చెమటలు పట్టుచున్నవని చెప్పినచో, గ్యాసని యొకరు, అలసటయని యొకరు, దిష్టియని మరియొకరు అందురు. సూదిమందు వేయించి పడుకొనబెట్టుదురు. విలువైన గంటలు గడచిపోవును.

మరి ఈ రోగుల గతి యేమి? ఇందు ధైర్యము నిచ్చు విషయము కలదు. సకాలమున ఆసుపత్రికి చేరినవారిలో అత్యధికులు బ్రతికి బయటపడుదురు. చాలమందిలో ఆ చీలిక కొన్ని వారములలోగాని నెలలలోగాని తనంతట తానే మానును. బలహీనమైన గోడలో స్టెంటు వేయబోయినచో చీలిక పెరుగు ప్రమాదము గలదు. కావున రక్తప్రసారము సాగుచున్నంతవరకు వైద్యులు సాధారణముగా మందులిచ్చి కనిపెట్టి యుందురు. తొలి దినములలో చీలిక పెరుగవచ్చును గనుక, నొప్పి తగ్గినదని రోగిని తొందరపడి ఇంటికి తీసికొని రారాదు. తరువాతి సంవత్సరములలో నూటికి 10 నుండి 30 మందికి ఇది మరల రావచ్చును. కావున రక్తపోటును అదుపులో నుంచుకొనవలెను, మందులు మానరాదు, పెద్ద బరువులు మోయరాదు. మరల గర్భము ధరింపదలచిన స్త్రీ ముందుగా వైద్యుని సంప్రదింపవలెను.

ఇందు పంచాయతీల బాధ్యత పెద్దది. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతముల తండాలనుండి పెద్ద ఆసుపత్రి దూరము. 2005లో ఆరంభమైన 108 వాహనము మీ ఊరి చివరి ఇంటివరకు రాగల బాట యున్నదో లేదో చూడుడు. రొమ్ము నొప్పి అన్నవారికి, వయస్సుతో నిమిత్తము లేక, వెంటనే ఇ.సి.జి. తీయింపుడు. ఇ.సి.జి. ఒక్కొక్కప్పుడు మామూలుగనే కనబడును. నొప్పి తగ్గనిచో రక్తపరీక్ష కూడ అవసరము. ఖర్చునకు వెరచి ఆలస్యము చేయవలదు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకమును మొదట ప్రవేశపెట్టిన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి; అర్హులైన కుటుంబములకు గుండె చికిత్సలు అందు చేరియున్నవి.

పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. ఆశా కార్యకర్తలతోను, మహిళా సంఘములతోను కలిసి ఈ విషయమును ఇంటింటికి, ముఖ్యముగా బాలింతలున్న ఇండ్లకు, తెలియజేయుడు. నొప్పి అని చెప్పిన స్త్రీ మాటను ఆ క్షణముననే విని ఆసుపత్రికి పంపు ఏర్పాటు ప్రతి గ్రామమునందును ఉండవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.